ఐసోప్రొపైల్ మిరిస్టేట్ పేరు కనబడితే క్రీము పక్కన పెట్టాల్సిందేనా?

నిమ్మగడ్డి
నేను వాడే మాయిశ్చరైజర్ లేబుల్ ఇవాళ మొదటిసారి పూర్తిగా చదివా. నీళ్లు, గ్లిజరిన్, ఆ వెంటనే మూడో పేరు ఐసోప్రొపైల్ మిరిస్టేట్. ఏమిటా అని వెతికితే ఒక జాబితాలో దీనికి 5కి 5 వేశారు. సంబరపడేలోపే తెలిసింది, అది చర్మ రంధ్రాలు పూడ్చే గుణానికి వేసిన మార్కట! మొటిమలు తేలిగ్గా వచ్చే చర్మం నాది. కానీ ఈ క్రీము నాలుగు నెలలుగా రాస్తున్నా ఏమీ కాలేదు. క్రీము పారేయాలా, జాబితాని పారేయాలా?

చిరాకుచర్మం
క్రీమునే పారేయండి. నాకు ఒక సన్‌స్క్రీన్‌తో దవడ పొడుగునా గట్టి పొక్కులొచ్చాయి. ఎరుపూ లేదు, చీమూ లేదు. అద్దంలో సరిగ్గా కనబడవు, వేలితో తడిమితే గరుకు కాగితం. మానేశాక రెండు నెలలకు గానీ తగ్గలేదు. అందులో రెండో పేరు ఇదే. బజారులో ఇది లేని క్రీములు బోలెడుండగా ఈ తలనొప్పి ఎందుకు?

ల్యాబ్‌కోటు
లోషన్లు తయారుచేసే పని నాది. అందుకని నా మాట కాస్త తూచి తీసుకోండి.

మిరిస్టిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నీ కలిపితే వచ్చే ఎస్టర్ ఇది. రంగు ఉండదు, వాసన దాదాపు ఉండదు, నీళ్లలా పలచగా పారుతుంది. మినరల్ ఆయిల్ లాంటి బరువైన నూనెల్లో కలిపితే జిడ్డు తగ్గి, క్రీము చెయ్యి వేయగానే జారుతుంది. "రాసినట్టే లేదు" అని మెచ్చుకునే క్రీముల వెనక చాలాసార్లు ఇలాంటి ఎస్టరే ఉంటుంది. ఒక పిట్టకథ: ఆయింట్‌మెంట్లలో సూక్ష్మజీవులున్నాయో లేదో పరీక్షించేటప్పుడు జిడ్డుని కరిగించి వడపోయడానికి మందుల ల్యాబుల్లోనూ దీన్నే వాడతారు. జిడ్డుని కరిగించడంలో అంత సమర్థురాలు.

ఇక ఆ 5 సంగతి. అది జేమ్స్ ఫుల్టన్ అనే అమెరికా చర్మవైద్యుడు 1989లో అచ్చేసిన పట్టికలోది. పదార్థాన్ని కుందేలు చెవి లోపలి వైపు కొన్నాళ్లపాటు రాసి, అక్కడి రంధ్రాలు ఎంత మూసుకున్నాయో చూసి 0 నుంచి 5 దాకా అంకె వేశారు. కుందేలు చెవి మన ముఖం కంటే చాలా త్వరగా స్పందిస్తుంది. పైగా మీరు రాసుకునేది విడి పదార్థం కాదు, క్రీము. అందులో అది ఎంత శాతం ఉంది, పక్కన ఇంకేమున్నాయి అన్నవి ఆ అంకెలో ఎక్కడున్నాయి?

మూడోకన్ను
కుందేలు మీద నెట్టేసి తప్పించుకోకండి సార్. 1982లో మిల్స్, క్లిగ్‌మన్ అనే చర్మ పరిశోధకులు మనుషుల వీపు మీద పట్టీలు కట్టి ఇదే పరీక్ష చేశారు. మనిషి చర్మం కుందేలు చెవంత సున్నితం కాదని తేలింది, నిజమే. కానీ వాళ్ల లెక్కలో మనుషులకు పెద్దగా భయం లేదన్నది కుందేలు మీద బలహీనంగా పనిచేసిన వాటి గురించి. అందులో కూడా మొటిమల చర్మం వాళ్లకు మినహాయింపు ఉండొచ్చన్నారు. ఇది బలహీనమైంది కాదు, 5.

ఇంకొకటి మీరు చెప్పలేదు. చర్మం మీద అంటించే మందు పట్టీల పరిశోధనల్లో మందుని లోపలికి దింపడానికి వాడే పదార్థాల్లో ఇదొకటి. చర్మం పై పొరలోని కొవ్వుల అమరికను సడలిస్తుంది. మరి అదే క్రీములో పరిమళం ఉంటే? అదీ లోపలికి దిగదా?

ల్యాబ్‌కోటు
రెండోది ఒప్పుకుంటున్నా. మంట పుట్టే చర్మానికి, ముఖ్యంగా చర్మం పై పొరని ఒలిచే ఆసిడ్లూ, రెటినాయిడ్లూ (విటమిన్ ఎ జాతి మందులు) వాడేవాళ్లకి, నా అభ్యంతరం కూడా అక్కడే. రంధ్రాల కంటే దాని గురించే ఎక్కువ మాట్లాడుకోవాలి.

మొదటిది ఒప్పుకోను. 2006లో డ్రేలోస్, డినార్డో అనే పరిశోధకులు ఇలాంటి చెడ్డపేరున్న పదార్థాలతో తయారైన క్రీములనే మనుషుల వీపు మీద పరీక్షించారు. పదార్థం రంధ్రాలు పూడ్చేదైనంత మాత్రాన క్రీము కూడా పూడ్చి తీరాలని లేదని తేలింది.

మూడోకన్ను
"పూడ్చి తీరాలని లేదు" అంటే "పూడ్చదు" అని కాదుగా. పైగా వీపు వీపే, దవడ దవడే.

జాజికాయ
అసలు ఈ సింథటిక్ గోల లేకుండా హాయిగా కొబ్బరినూనె రాసుకోవచ్చు కదా?

ల్యాబ్‌కోటు
అదే పట్టికలో కొబ్బరినూనెకి 4 ఉందండీ. మిరిస్టిక్ ఆమ్లం కొబ్బరినూనెలోనూ ఉంటుంది. దాన్ని మొదట వేరుచేసింది మీ పేరున్న కాయ నుంచే, 1841లో.

జాజికాయ
పేరు మార్చుకోవాల్సిందే అయితే 😄

చిరాకుచర్మం
పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, నా దవడ మాత్రం నాదే. "నాన్ కొమెడోజెనిక్", అంటే రంధ్రాలు పూడ్చదు అని డబ్బా మీద రాసుంటే నమ్మొచ్చా మరి?

ల్యాబ్‌కోటు
అమెరికాలో ఆ మాటకు చట్టంలో నిర్వచనమే లేదు. ఏ పరీక్ష చేసి రాశారన్నది ఆ కంపెనీ ఇష్టం. మీ సన్‌స్క్రీన్ విషయంలో నేను మీ పక్షమే. రెండో పేరుగా ఉందంటే మోతాదు బాగానే ఉన్నట్టు, పైగా కడగకుండా రోజంతా ముఖం మీదే ఉంచుతాం. అయితే నేరం దీనిదేనని తేల్చాలంటే అది తప్ప మిగతావన్నీ అవే ఉన్న క్రీము కావాలి, అది మనకు దొరకదు. నిమ్మగడ్డి గారూ, కడిగేసే ఫేస్‌వాష్‌లోనో, లేబుల్ చివర్లోనో ఉంటే నేనైతే పట్టించుకోను. మీది మూడో పేరు, అదీ రాసి వదిలేసేది. కొత్తగా కొనేటప్పుడైతే వద్దనేవాణ్నే. నాలుగు నెలలు ఏమీ కానిదాన్ని మాత్రం అంకె చూసి పారేయమనను.

మూడోకన్ను
నేనైతే పారేయకపోయినా ముఖం నుంచి దించేస్తా. మోచేతులకూ మడమలకూ రాసుకోండి, అక్కడ ఇది బంగారం.

నిమ్మగడ్డి
ఇంకా సగం డబ్బా ఉంది. నుదురుకీ బుగ్గలకీ ఇదే, దవడకి మాత్రం ఇది లేని వేరేది రాస్తున్నా ఇవాళ్టి నుంచి. చిరాకుచర్మం గారూ, మీకు ఆ పొక్కులు ఎన్నో వారంలో మొదలయ్యాయి?

చిరాకుచర్మం
ఆరో వారం. రోజూ తడిమి చూసుకోండి, అద్దాన్ని నమ్మొద్దు.