క్లీవ్ అంటే చీల్చడమా, హత్తుకోవడమా?

తెనాలి నాన్న:
మా పాపకి పాఠం చెప్తుంటే క్లీవ్ అనే క్రియ వచ్చింది, కట్టెలు చీల్చినట్టు చీల్చడం అని చెప్పేశా, తర్వాత డిక్షనరీ చూస్తే అతుక్కుని ఉండడం అని కూడా ఉంది. ఒకే మాటకి ఇంత ఎదురు అర్థాలేంటండి?

పాత మాస్టారు:
అవి రెండు వేరే మాటలు బాబూ. పాత ఇంగ్లీషులో చీల్చడానికి క్లేయొవన్, అంటుకోడానికి క్లివియన్ అని విడిగా ఉండేవి, పలుకు అరిగి అరిగి రెండూ క్లీవ్ అయి కూర్చున్నాయి. జర్మన్‌లో అంటించడానికి క్లేబెన్ అంటారు, అది రెండోదానికి చుట్టం. వెనకాల టు గానీ అన్‌టు గానీ ఉంటే హత్తుకోవడం అనుకోమనండి, దాదాపు తప్పదు.

సండేస్కూల్ అక్క:
1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో రెండూ ఉన్నాయి, అదీ ఒకే ఆదికాండంలో! 2:24లో మగవాడు భార్యకి క్లీవ్ అవుతాడు, మన తెలుగులో "హత్తుకొనును". 22:3లో అబ్రాహాము కట్టెలు క్లేవ్ (క్లీవ్‌కి పాత భూతకాల రూపం) చేశాడు, మనకి "చీల్చి". తెలుగు చేసినవాళ్లు ఎంత చక్కగా విడదీశారో, నాకు ఇంగ్లీషు వాక్యం తెలుగు చదివాకే అర్థమైంది.

మార్కాపురం కుర్రోడు:
మా వైపు పలకరాయికి ఉండే గుణాన్ని జియాలజీలో క్లీవేజ్ అంటారు. ఉలి సరైన చోట పెట్టి సుత్తితో మెల్లగా కొడితే పల్చగా పొరలు పొరలుగా విడొస్తుంది, అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. నా లెక్కలో క్లీవ్ అంటే అదే, ఎక్కడపడితే అక్కడ కోయడం కాదు, వస్తువులో ముందే ఉన్న దారి వెంట విడగొట్టడం.

ఇద్దరు పిల్లల అమ్మ:
మా చిన్నోడు గ్రహణం మొర్రితో పుట్టాడు, డాక్టర్ కాగితం మీద క్లెఫ్ట్ లిప్ అని రాస్తే ఏంటో తెలీక రాత్రంతా ఏడ్చా. ఈ క్లెఫ్ట్ కూడా క్లీవ్ నుంచేనా మాస్టారూ? వాడికి మూడో నెల్లో ఆపరేషన్ అయింది, ఇప్పుడు చక్కగా మాట్లాడతాడు.

పాత మాస్టారు:
అవునమ్మా, చీలిన అని అర్థం, అంతే. బాబు చల్లగా ఉండాలి. పశువుల చీలిన గిట్టని క్లోవెన్ అంటారే, అదీ దీని రూపమే.

తెనాలి నాన్న:
మరి క్లోవ్ అంటే లవంగం కదండి?

పాత మాస్టారు:
లవంగం వేరు, అది మేకుకి లాటిన్ మాట క్లావుస్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, ఆకారం చూడండి మేకులాగే ఉంటుంది. వెల్లుల్లి రెబ్బని కూడా క్లోవ్ అంటారు చూశారా, అది మాత్రం మన చీల్చడం తాలూకే.