అడ్వాన్స్ ఇయ్యని ఓనరు మీద కేసు యాడ వేయాల? తిరుపతా, చిత్తూరా, బెంగుళూరా?

బైరాగిపట్టెడ_బాడుగ:
అన్నా నమస్తే. తిరుపతి బైరాగిపట్టెడలో బాడుగకుండి ఖాళీ చేసి బెంగుళూరికి వచ్చేసినాం. అడ్వాన్స్ 60 వేలు ఫోన్‌పేలోనే కట్టింటి, ఖాళీ చేస్తామని ముందే చెప్పినాం కూడా, వేరేవాళ్ళు దిగినాక ఇస్తానన్నాడు, వాళ్ళూ దిగినారు, ఇప్పుడేమో అంతా పెయింటింగ్‌కే సరిపోయింది అంటాండాడు, బిల్లు చూపించమంటే ఫోన్ ఎత్తడు. ఆయనుండేది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో. 11 నెలల అగ్రిమెంటు, రిజిస్టర్ కాలేదు. వాయిదా వాయిదాకీ రాలేను, బెంగుళూరులోనే వేయొచ్చా? కన్జ్యూమర్ కోర్టయితే ఈజీ అంటాండారు, నిజమేనా?

కొర్లగుంట_కుర్రోడు:
స్టేషన్లో కంప్లైంట్ పడేయ్ బ్రో, ఎస్సై ఒక్క ఫోన్ కొడితే తెచ్చిస్తాడు

నల్లకోటు:
పైన తమ్ముడూ, ఇది సివిల్ మ్యాటర్ అని స్టేషన్లోనే తిప్పి పంపిస్తారు.
బెంగుళూరులో కుదరదండీ. డబ్బు రికవరీ దావా సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 20 ప్రకారం ఎదుటిమనిషి ఉండే చోటో, వ్యవహారం జరిగిన చోటో వేయాల, మీరు మారిపోయిన ఊరు లెక్కలోకి రాదు. అంటే చిత్తూరైనా సరే తిరుపతైనా సరే, 60 వేలే కాబట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. కాకపోతే అగ్రిమెంటు చివరి పేజీ ఒకసారి చూడండి, తగాదాలన్నీ చిత్తూరు కోర్టులోనే అని రాసుంటే ఇంక చిత్తూరే. అట్లాంటి లైన్ లేకుంటే నేనైతే తిరుపతే అంటా, ఎందుకంటే డిక్రీ (డబ్బు కట్టమని కోర్టు తీర్పు) వచ్చినాక కూడా ఆయన కట్టకపోతే ఆ ఇంటికి వచ్చే బాడుగనే అటాచ్ (జప్తు) చేయించొచ్చు, ఇల్లూ కొత్త బాడుగవాళ్ళూ ఇక్కడే ఉండారు కదా.

పీజీ_బాధితుడు:
కన్జ్యూమర్ మాట ఎందుకు వస్తాదంటే 2019 చట్టంలో మనముండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, అందుకే అందరికీ ఆశ. కానీ ఉత్త ఇంటి బాడుగని మామూలుగా సర్వీస్ కింద తీసుకోరు. భోజనం, క్లీనింగ్ అన్నీ కలిపిన పీజీ అయితే వేరే, నాది అదే కేసు.

అక్క_తిరుచానూరు:
దావాకి ముందు లోక్ అదాలత్ (ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసేది) ట్రై చేయి నాయనా. తిరుపతి కోర్టు కాంప్లెక్సులో మండల న్యాయ సేవా కమిటీ ఉంటాది, దావా లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు, వాళ్ళే ఓనరుకి నోటీసు పంపిస్తారు. రాజీ అయితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. ఆయన రాకపోతే మాత్రం ఎవరూ బలవంతం చేయరు, అప్పుడు దావానే దిక్కు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే వివరాలు చెప్తారు.

బైరాగిపట్టెడ_బాడుగ:
థాంక్సక్కా. చివరి పేజీ చూసినా, అట్లాంటి లైనేం లేదు. వాడు ఇస్తాననింది వాట్సాప్‌లో ఉంది, అది కోర్టులో పనికొస్తాదా? టైం ఎంత ఉంటాది?

నల్లకోటు:
పనికొస్తాది, చాట్ ప్రింట్లతో పాటు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఆ చాట్ మీ ఫోన్లోదే అని రాసిచ్చేది) పెట్టాల, ఆ ఫోన్ మాత్రం అమ్మేయొద్దు. దావా వేసేదానికి టైం 3 ఏళ్ళు, లోక్ అదాలత్ అని తిరగతా అది దాటిపోనీయద్దు. దావాకి ముందు ఓనరుకి నోటీసు ఇయ్యాలని రూలేం లేదు గానీ, అక్నాలెడ్జ్‌మెంట్‌తో ఒకటి పంపించి పెట్టుకోండి, పెయింటింగ్ బిల్లు చూపించమని అందులోనే అడగండి.

కొర్లగుంట_కుర్రోడు:
సరే అన్నా, నా కామెంట్ డిలీట్ చేయనా 😅

అక్క_తిరుచానూరు:
ఉండనీలే, ఇంకొకడు అదే అడగతాడు.