వాడకట్టు గ్రూపుల తప్పుడు వీడియో: ఎట్ల తేల్చాలె, పెద్దోళ్లకు ఎట్ల చెప్పాలె?

ప్రశ్న: హన్మకొండల మా వాడకట్టు గ్రూపుల ఒక కొట్లాట వీడియో తిరుగుతున్నది. 'నిన్న వరంగల్‌ల జరిగింది' అంటున్నరు. నిజమో కాదో ఎట్ల తేల్చాలె? పంపింది వరుసకు మామ. సంబంధం చెడకుండ ఎట్ల చెప్పాలె?

జవాబు 1: వాట్సాప్‌ల ఆ వీడియో మీద రెండు బాణాల గుర్తుంటే చాలా చేతులు మారి వచ్చిందన్నట్టు. వీడియో ఆపి, దుకాణం బోర్డు, బండి నంబరు కనపడే చోట నాలుగు స్క్రీన్‌షాట్లు తియ్యి, ఫోటో పెట్టి వెతికే గూగుల్ లెన్స్‌ల వెతుకు. నంబరు ప్లేటు మంచి ఆధారం: మన దగ్గర పాత బండ్లకు ఏపీ 36, 2014 తర్వాత టీఎస్ 03, 2024 మార్చి నుంచి కొత్తవాటికి టీజీ. అన్ని బండ్ల మీద వేరే రాష్ట్రం నంబర్లుంటే అనుమానపడాలె. అక్షరాలు తిరగబడి ఉంటే వీడియోను అద్దంలెక్క తిప్పిండ్రు. ఫోటో మళ్ల తిప్పి వెతకాలె. లెన్స్‌ల ఏం దొరకకపోతే నిజమని కాదు తమ్మీ, ఇంక తేలలేదనే అర్థం.

జవాబు 2: గ్రూపుల నిలదీయకు, నలుగురి ముందట ఎవ్వరూ తగ్గరు. ఫోన్ చెయ్యి. 'మామా, ఇది ఏడికెళ్లి వచ్చింది? నీకు దేనికి భయమైతున్నది?' అని అడిగి, పూర్తిగ విను. ఆ భయం నిజమే ఉంటది, వీడియోనే అబద్ధం. దిద్దుబాటు మామతోనే పెట్టిస్తే ఇంక మంచిది. అందుల ముందు నిజం, తర్వాత ఒక్క ముక్కల తప్పు ఏందో, మళ్ల నిజం రాయాలె. ఆ వీడియో మాత్రం మళ్ల పెట్టొద్దు.

జవాబు 3: పింఛను, రేషన్ మీద పుకార్లయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టున్రి. 30 రోజులల్ల జవాబియ్యాలె. 'ఎందుకు ఆపిండ్రు' అనొద్దు, 'ఆ ఉత్తర్వు నకలు ఇయ్యున్రి' అని రాయాలె. కాయితం చేతికొస్తే గ్రూపుల వాదన ఉండది.