శిక్షణ కేంద్రంలో పాసైతే ఆర్టీఓ టెస్ట్ అక్కర్లేదా? మీరేమంటారు?

గిరి_గేర్‌బాక్స్:
చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న డ్రైవర్ శిక్షణ కేంద్రంలో కోర్సు చేసి, అక్కడి పరీక్ష పాసైనవాళ్లకు ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్ట్ ఉండదు. 2021 జులై 1 నుంచి అమల్లో ఉంది. కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల్లోపు ముగించాలి. అందులో 21 గంటలు స్టీరింగ్ పట్టుకోవడమే. నన్నడిగితే కొత్తగా లైసెన్స్ తీసుకునే ప్రతి ఒక్కరికీ దీన్ని తప్పనిసరి చేయాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ట్రాక్ మీద 8 అంకెలా బండి తిప్పి, అదే ఒక ఎయిట్ వేసేసి బయటికొస్తే డ్రైవింగ్ వచ్చినట్టా?

హెచ్_ట్రాక్_కరీంనగర్:
నేర్పినవాడే పరీక్ష పెట్టి, వాడే పాస్ చేస్తాడా? ట్యూషన్ సారే టెన్త్ పేపర్లు దిద్దినట్టుంది. ఫీజు కట్టినవాణ్ని ఫెయిల్ చేస్తే రేపు ఇంకొకడు చేరతాడా భయ్యా?

స్కూటీ_సుజాత:
అదంతా సరే, ఆర్టీఓ టెస్ట్ స్లాట్ సంగతి చెప్పండి. నేను సెలవు దొరికే రోజు చూసుకుని ఆన్‌లైన్‌లో బుక్ చేద్దామంటే అన్నీ నిండిపోయి ఉంటాయి. ఏజెంట్‌కి డబ్బిస్తే అదే వారం దొరికింది. ఎలాగో ఎవరైనా చెప్తారా?

గిరి_గేర్‌బాక్స్:
హెచ్_ట్రాక్ గారూ, మీరు వీధి చివర డ్రైవింగ్ స్కూలు అనుకుంటున్నారు. ఇవి వేరు. బైకు, ఆటో, కారు నేర్పాలంటే ఎకరం స్థలం ఉండాలి, పెద్ద బండ్లకైతే రెండెకరాలు. సిమ్యులేటర్, సొంత ట్రాక్, బయోమెట్రిక్ హాజరు కావాలి. 2024లో 'జూన్ 1 నుంచి ప్రైవేటు స్కూళ్లే లైసెన్సులిస్తాయి' అని వాట్సాప్‌లో తిరిగింది కదా, అప్పుడు కూడా నిబంధనల్లో కొత్త మార్పేమీ లేదని కేంద్ర రవాణా శాఖే చెప్పాల్సొచ్చింది.

హెచ్_ట్రాక్_కరీంనగర్:
బయోమెట్రిక్ వేలు పెట్టి చాయ్ తాగడానికి పోతే ఎవరు చూస్తారు? 29 గంటలు నిజంగా నడిపాడని ఎవరు చెప్పాలి? దానికి జవాబివ్వండి.

గిరి_గేర్‌బాక్స్:
ఆ లెక్కన ఆర్టీఓ ట్రాక్ మీద జరిగేది ఎవరు చూస్తున్నారు?

హెచ్_ట్రాక్_కరీంనగర్:
జవాబు రాలేదు. 29 గంటలు.

నైట్_డ్యూటీ:
😂 ఇద్దరికీ ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) మళ్లీ ఇప్పించండి ఎవరైనా

నర్సాపురం_ఆటో:
గిరి గారూ, తప్పనిసరి అన్నారు. నేను పొలంలో ట్రాక్టర్ మీద నేర్చుకున్నవాణ్ని. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని 30 రోజులు ఆగి, స్లాట్ పెట్టుకుని, టెస్ట్ ఇచ్చి లైసెన్స్ తెచ్చుకున్నా. ఇప్పుడు మా తమ్ముడు ఆటో ఎక్కుదామనుకుంటున్నాడు. వాడు కూలి మానుకుని రోజూ కోర్సుకు వెళ్తే ఇల్లెలా గడుస్తుంది? ఎకరం స్థలమున్న కేంద్రం మా ఊరికి ఎంత దూరంలో ఉంటుందో, బస్సు ఛార్జీలు ఎవరిస్తారో కూడా చెప్పండి.

గిరి_గేర్‌బాక్స్:
ప్రాణం కంటే బస్సు ఛార్జీ ఎక్కువా? 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. పొలంలో నేర్చుకున్నవాళ్లు హైవే ఎక్కితే ఇలాగే ఉంటుంది.

నర్సాపురం_ఆటో:
అంటే వాళ్లందర్నీ మాలాంటోళ్లే చంపారంటారా? కాస్త చూసి మాట్లాడండి. హైవే మీద మా ఆటోని రాసుకుంటూ వెళ్లే కార్లలో ఉండేవాళ్లు డబ్బుపోసి డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నవాళ్లే.

స్కూటీ_సుజాత:
గిరి గారూ, అడగకూడదు గానీ, మీకేమైనా డ్రైవింగ్ స్కూలుందా?

గిరి_గేర్‌బాక్స్:
మా బావమరిదికి ఉంది. అయితే? స్కూలున్నవాడికి అభిప్రాయం ఉండకూడదా? రోజూ పక్క సీట్లో కూర్చుని, వాళ్లు క్లచ్ వదిలేస్తే బ్రేక్ నొక్కేవాడికి తెలుస్తుంది ఎవరికి ఎంత వచ్చో.

నైట్_డ్యూటీ:
దొరికాడు

హెచ్_ట్రాక్_కరీంనగర్:
ఇప్పుడర్థమైంది. నేను మొదట్నుంచీ టెస్ట్ గురించి మాట్లాడుతున్నా, మీరు నేర్చుకునే చోటు గురించి మాట్లాడుతున్నారు. వాడు పొలంలో నేర్చుకుంటాడో, స్కూల్లో నేర్చుకుంటాడో సర్కారుకు ఎందుకు? వచ్చిందా లేదా చూడాలి. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 15వది చదవండి. ఓవర్‌టేక్ చేయడం, వెనక్కి నడపడం, ట్రాఫిక్ గుర్తుల్ని పాటించడం, జీబ్రా క్రాసింగ్ దగ్గర సరిగ్గా మసలుకోవడం, అన్నీ పరీక్షించమని రాసుంది. ఎయిట్, హెచ్ వేయించి పంపేస్తే అది టెస్ట్ పెట్టేవాళ్ల తప్పు.

నర్సాపురం_ఆటో:
అలా అన్నారు బావుంది. కష్టమైన టెస్టే పెట్టండి, రోడ్డు మీదే పెట్టండి, మాకేం భయం లేదు. నేర్చుకోడానికి డబ్బు కట్టి తీరాలనకండి, అంతే.

గిరి_గేర్‌బాక్స్:
అలా రోడ్డు టెస్ట్ పెడితే ఒక ఇన్‌స్పెక్టర్ రోజుకి ఎంతమందిని చూడగలడు? పదిమంది కూడా కష్టం. ఇప్పుడే స్లాట్ దొరకట్లేదని సుజాత గారు మొత్తుకుంటున్నారు. ఫెయిలైతే వారం ఆగాలి, మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు. అందరూ రెండోసారి, మూడోసారి వస్తుంటే కొత్తవాళ్లకు స్లాట్ ఎప్పుడొస్తుంది? ఆర్టీఓ మీద భారం తగ్గాలంటే కేంద్రాలే దారి.

హెచ్_ట్రాక్_కరీంనగర్:
ఇన్‌స్పెక్టర్లు చాలకపోతే ఉద్యోగాలు తీయమనండి. నిరుద్యోగులు తక్కువా మన దగ్గర?

స్కూటీ_సుజాత:
నా పేరు వాడుకుంటున్నారు గానీ జవాబు మాత్రం ఎవరూ చెప్పట్లేదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది, నాది అయిపోవస్తోంది. ఏజెంట్‌కి దొరికిన స్లాట్ నాకెందుకు దొరకదు?

గిరి_గేర్‌బాక్స్:
మా బావమరిదిని అడిగి చెప్తానండి.

నర్సాపురం_ఆటో:
అదీ సంగతి.