42 స్విచ్‌లకు ఏరియా 0 ఒక్కటే చాలా, విడగొట్టాలా?

రాత్రిడ్యూటీ: మా క్యాంపస్‌లో 42 లేయర్ 3 (రౌటింగ్ కూడా చేసే) స్విచ్‌లున్నాయి, అన్నిట్లో ఓఎస్‌పీఎఫ్ (దారులు వెతికే రౌటింగ్ ప్రోటోకాల్), అన్నీ ఏరియా 0లోనే (దాని వెన్నెముక ఏరియా). కొత్తగా వచ్చిన సీనియర్ బిల్డింగ్‌కో ఏరియా చేయాల్సిందే అంటున్నారు, లేకపోతే ఎక్కడ లింకు పడ్డా అన్ని స్విచ్‌లూ ఎస్‌పీఎఫ్ (దగ్గరి దారుల లెక్క) మళ్లీ మొదట్నుంచి లెక్కేసుకోవాలట. బాగా నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకని నా బాధ.

కన్సోల్‌కేబుల్: కెలక్కండి. ఏరియాకి 50 రౌటర్లు దాటొద్దన్న సూత్రం పాతకాలం ప్రాసెసర్లది. ఓఎస్‌పీఎఫ్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 2328 వచ్చిందే 1998లో. 42 నోడ్ల మీద డైక్‌స్ట్రా (ఎస్‌పీఎఫ్ వాడే లెక్కింపు పద్ధతి) నడపడం ఇప్పటి స్విచ్‌కి ఒక పనే కాదు.

పాతస్విచ్: సీపీయూ గొడవ కాదండీ ఇది, మంట ఎంతదూరం పాకుతుందన్నది. మా దగ్గర ఒక ఫైబర్ మాడ్యూల్ పాడై రాత్రంతా లింకు పడుతూ లేస్తూ ఉంటే, దానితో ఏ సంబంధం లేని బిల్డింగ్ స్విచ్‌లు కూడా ఎస్‌పీఎఫ్ నడుపుతూనే ఉన్నాయి. వేరే ఏరియా అయితే అవతలికి టైప్ 3 ఎల్‌ఎస్‌ఏలే (ఏ సబ్‌నెట్ ఉందో, అక్కడికి కాస్ట్ ఎంతో మాత్రం చెప్పే సందేశాలు) వెళ్తాయి, పూర్తి లెక్క అక్కర్లేదు.

కన్సోల్‌కేబుల్: ఎస్‌పీఎఫ్‌ని మాటిమాటికీ నడవకుండా ఆపే థ్రాటిల్ టైమర్లు ఉన్నది అందుకే కదా. పైగా ఏబీఆర్ (ఏరియాల సరిహద్దు రౌటర్) మీద సమ్మరీ (వరస సబ్‌నెట్లను కలిపి ఒకటిగా ప్రకటించడం) పెట్టకపోతే సబ్‌నెట్‌కొక టైప్ 3 చొప్పున అన్నీ అవతలికి పోతాయి, విడగొట్టి ఏం లాభం? రాత్రిడ్యూటీ గారూ, మీ సబ్‌నెట్లు బిల్డింగ్ వారీగా వరసలో ఉన్నాయా?

రాత్రిడ్యూటీ: లేవు, ఎవరు ముందు అడిగితే వాళ్లకి ఇచ్చేశారు. ఒకే బిల్డింగ్‌లో 10.20.3 ఉంది, 10.20.71 ఉంది.

లూప్‌బ్యాక్‌జీరో: అయితే సమ్మరీ ఆశ వదిలేయండి. ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. రెండు డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌లు ఏబీఆర్‌లు, వాటి మధ్య 10 గిగాబిట్ లింకు ఏరియా 0లో ఉందనుకోండి. యూజర్లు తగిలే, బిల్డింగ్ ఏరియాలో ఆ రెండింటికీ అప్‌లింకులున్న ఒక యాక్సెస్ స్విచ్‌కి ఎడమ అప్‌లింక్ తెగింది. అప్పుడు ఎడమ ఏబీఆర్ పక్కనున్న 10 గిగాబిట్ లింకు వదిలేసి, ఇంకో యాక్సెస్ స్విచ్ మీదుగా 1 గిగాబిట్ దారిలో చుట్టూ తిప్పి పంపుతుంది! సొంత ఏరియా లోపలి దారి ఉంటే కాస్ట్ (దారి ఖరీదు) ఎంతైనా దానికే మొదటి తాంబూలం, అది ఓఎస్‌పీఎఫ్ నియమం. తప్పించుకోవాలంటే ఆ ఇద్దరి మధ్య అదే ఏరియాలో ఇంకో లింకు, కనీసం ఒక వీలాన్ (అదే తీగ మీద విడి నెట్‌వర్క్) వేయాలి. 

అంత శ్రమ పడే ముందు ఉన్నదాన్ని చూసుకోండి. చాలా స్విచ్‌లలో రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ (కాస్ట్ కోసం లింకు వేగంతో భాగించే విలువ) 100 మెగాబిట్లే, అంటే 1 గిగాబిట్‌కీ 10 గిగాబిట్‌కీ కాస్ట్ 1, మార్చితే అన్నిట్లో ఒకేలా మార్చాలి. ఇద్దరే ఉండే లింకులను పాయింట్ టు పాయింట్ చేస్తే డీఆర్ (లింకులో అందరి తరఫున మాట్లాడే రౌటర్) ఎన్నికా ఉండదు, దానికోసం 40 సెకన్ల దాకా ఆగడమూ ఉండదు. యూజర్ వీలాన్లన్నీ పాసివ్ (అటు ఓఎస్‌పీఎఫ్ పలకరింపులు పంపకుండా) పెట్టండి.

పాతస్విచ్: అవి ఎలాగూ చేయాల్సినవే. నెమ్మది లింకు మీద దూరంగా ఉన్న బ్రాంచ్‌ని మాత్రం స్టబ్ ఏరియాగా (బయటి రూట్లకు బదులు డిఫాల్ట్ రూట్ అందే ఏరియా) పెట్టకుండా ఉండలేను, ఆ ఒక్కదాంట్లో తగ్గేది లేదు.

కన్సోల్‌కేబుల్: బ్రాంచ్ వరకైతే సరే. బిల్డింగ్‌కో ఏరియా మాత్రం వద్దు.

రాత్రిడ్యూటీ: ఇప్పుడే చూశాను, రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ 36 స్విచ్‌లలో మార్చారు, ఆరింటిలో వదిలేశారు. ముందు ఆ ఆరింటి సంగతి చూసి, అప్పుడు సీనియర్‌తో కూర్చుంటాను.