'సనంకుయా'కు తెలుగు మాట కావాలి

మాలి దేశపు మాండెన్ శాసనం (13వ శతాబ్దపు మాలి సామ్రాజ్య నియమావళి, యునెస్కో జాబితాలో 2009) మీద 40 పదాల ప్రదర్శన పలక తెలుగులో రాస్తున్నాం. 'సనంకుయా' దగ్గర ఆగిపోయాం.

కొన్ని ఇంటిపేర్ల జంటల మధ్య పుట్టుకతోనే ఉండే వేళాకోళపు హక్కు అది. పశువులు కాసే ఫులానీ జాతివాళ్లకూ కమ్మరులకూ మధ్య కూడా ఉంది. ఎదుటివాణ్ణి "అలసందలు తినేవాడా" అని ఎగతాళి చేయొచ్చు, అతను కోపగించుకోకూడదు. అసలు బలం వేరే చోట ఉంది: తగవు వస్తే సనంకుయా ఉన్నవాడే మధ్యవర్తి, అతని మాట తోసేయడం కష్టం.

'పరిహాస సంబంధం' పాఠ్యపుస్తకంలా ఉంది. 'హాస్య బంధుత్వం' అంటే చదివినవాళ్లు కామెడీ అనుకున్నారు. 'బావామరుదుల పరాచికం' సరదాగా అతికింది, కానీ అది పెళ్లితో వచ్చే వరస. ఇది ఇంటిపేరుతో వచ్చేది. 'వేళాకోళపు వరస'కూ అదే చిక్కు, వరస అనగానే పెళ్లి గుర్తొస్తుంది. పైగా వీటిలో వేటిలోనూ రాజీ కుదిర్చే బాధ్యత వినిపించదు. మూలపదాన్నే ఉంచి పక్కన వివరణ ఇద్దామంటే 40 పదాల్లో 15 దానికే పోతున్నాయి.

పెళ్లి వరసతో పనిలేకుండా రెండు ఇంటిపేర్ల మధ్యో, రెండు కులవృత్తుల మధ్యో సాగే ఇలాంటి చనువుకు మీ ప్రాంతంలో వాడే మాట ఏమిటి?