దేవుడు పళ్లిచ్చాడు, రొట్టె ఇవ్వడా?

ప్రశ్న: లిథువేనియా సామెత ఒకటి విన్నాను. "దియెవస్ దవే దంతిస్, దువొస్ ఇర్ దువొనొస్." దేవుడు పళ్లిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని అర్థమట. దియెవస్, దంతిస్... వింటే సంస్కృతమే! రష్యన్ల జాతివారి నోట ఈ మాటలు ఎలా వచ్చాయి?

జవాబు: ముందు జాతి సంగతి సరిచేద్దామండీ. లిథువేనియన్లు రష్యన్ల లాంటి స్లావులు కారు, బాల్టులు అనే వేరే జాతి. ఆ శాఖలో నేటికీ బతికి ఉన్నవి రెండే భాషలు, వాళ్లదీ లాట్వియన్లదీ. ప్రష్యన్ అని మరొకటి ఉండేది. అది 18వ శతాబ్ది మొదట్లో అంతరించింది, పేరును మాత్రం జర్మన్లు ఉంచుకున్నారు! ఇక ఆ మాటలు సంస్కృతం నుంచి వెళ్లినవి కావు. సంస్కృతం, లిథువేనియన్ రెండూ ఒకే పాత భాషకు పిల్లలు. వాళ్ల సామెతను "దేవో దతః అదదాత్, దేవో ధానాః దాస్యతి" అని మార్చి చూడండి. దువొన అంటే వాళ్లు తినే, రై అనే ధాన్యంతో చేసే నల్లటి రొట్టె. మన ధాన్యానికి మూలమైన "ధానా" దానికి చుట్టమే.

మరొకరు: చుట్టరికం సంస్కృతానికండీ, మనకు కాదు. దేవుడు, దంతం మనం అరువు తెచ్చుకున్నవి. సొంత మాటలు వేల్పు, పన్ను. కానీ ఆ సామెత మన దగ్గర లేకపోలేదు: "నారు పోసినవాడు నీరు పోయడా?" ఒక్క మాటా కలవదు, భావం మాత్రం అచ్చంగా అదే. (పైగా "దేవుడు పళ్లిచ్చాడు" అంటే మనవాళ్లు జామపళ్లా, మామిడిపళ్లా అని అడుగుతారు.)

అడిగినవారు: రొట్టె కింద పడితే వాళ్లు తీసి ముద్దు పెట్టుకుంటారని కూడా విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమేనండీ, పాత ఆచారం. మా అమ్మమ్మ మెతుకు జారితే కళ్లకద్దుకునేది. ఇంకో సంగతి, ఆ "దియెవస్" చివరి "అస్" ప్రథమా విభక్తి. పరాయి మాటకూ దాన్ని తగిలించేస్తారు. మనం చివర ఉకారం చేర్చి బ్యాంకు అంటాం, వాళ్లు బంకస్ అంటారు. ఫోను తెలెఫొనస్.

అడిగినవారు: మరి బస్సు?

జవాబు: ఔతొబుసస్.